లైటు పడగానే ‘టర్బో మార్చాలి’ అంటున్నారు. బండికి జబ్బేంటో సరిగ్గా చెప్పే షెడ్డు ఎలా పట్టుకోవాలి?

ఉప్పల్_బండి
శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాది 2015 మోడల్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్, 92,000 కిలోమీటర్లు తిరిగింది. నెల రోజులుగా ఒకటే సమస్య. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడో, లారీని దాటేటప్పుడో గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే ఒక్కసారిగా పికప్ పడిపోతుంది, ఇంజిన్ లైటు వెలుగుతుంది. ఆ తర్వాత ఎంత తొక్కినా బండి 60 దాటదు. పక్కకి ఆపి, తాళం తీసి, రెండు నిమిషాలాగి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలుగానే ఉంటుంది. లైటు మాత్రం ఒక్కోసారి పోతుంది, ఒక్కోసారి అలాగే ఉంటుంది.

ఇప్పటికి మూడు చోట్ల చూపించాను. కంపెనీ సర్వీస్ సెంటర్లో టర్బో పోయిందని చెప్పి 74,000 ఎస్టిమేట్ ఇచ్చారు. మా ఇంటి దగ్గరి షెడ్డులో ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది) మసి పట్టిందని క్లీన్ చేసి 4,500 తీసుకున్నారు. మూడో రోజే తార్నాక ఫ్లైఓవర్ మీద మళ్లీ అదే కథ. అన్ని కంపెనీల కార్లూ చేసే ఇంకో పెద్ద గ్యారేజీలో ఇంజెక్టర్లు అన్నారు, 38,000.

నాన్నగారిని వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి తీసుకెళ్లాలి. దారిలో ఎక్కడ ఆగిపోతుందోనని ప్రతిసారీ టెన్షనే. డబ్బు పెట్టనని కాదు. కానీ ముగ్గురు మూడు మాటలు చెప్తుంటే దేనికని పెట్టాలి? హైదరాబాద్‌లో నమ్మకంగా చూసేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. అసలు నమ్మకమైన చోటుని ఎలా గుర్తుపట్టాలో చెప్పినా చాలు.

స్కానర్_కుర్రోడు
శనివారం, రాత్రి 10:05

అన్నా, స్కాన్ చేసినప్పుడు ఏ కోడ్ వచ్చిందో చెప్పారా? పీ అనే అక్షరం, తర్వాత నాలుగు అంకెలు ఉంటాయి.

ఉప్పల్_బండి
శనివారం, రాత్రి 10:12

లేదు తమ్ముడూ. మెషీన్ పెట్టారు, చూశారు, ‘టర్బో ఫాల్ట్’ అన్నారు అంతే. నేను కూడా అడగలేదు.

స్కానర్_కుర్రోడు
శనివారం, రాత్రి 10:31

ముందు అది తెలుసుకోండి. రేపు ఫోన్ చేసి జాబ్ కార్డు నంబర్ చెప్తే వాళ్ల దగ్గర ఉంటుంది. లేదంటే ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల లోపు బ్లూటూత్ ఓబీడీ ముక్క (బండి కంప్యూటర్‌లోని కోడ్ చదివే చిన్న పరికరం) దొరుకుతుంది. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌లో గుచ్చి ఫోన్‌లో యాప్ వేసుకుంటే కోడ్ చదవొచ్చు. ఖరీదైన స్కానర్ చూపించేవన్నీ ఇందులో రావు, కానీ ఇంజిన్ కోడ్‌కి సరిపోతుంది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తున్నా. యాప్‌లో ‘క్లియర్’ అని బటన్ ఉంటుంది, దాన్ని నొక్కకండి. ఎవరినీ నొక్కనివ్వకండి కూడా. లైటు పడిన క్షణంలో స్పీడెంత, ఆర్పీఎం ఎంత, ఇంజిన్ ఎంత వేడి మీద ఉంది అన్నది కంప్యూటర్ ఒక ఫొటోలా దాచిపెట్టుకుంటుంది. ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. కోడ్ చెరిపేస్తే అదీ పోతుంది. తర్వాత చూసే మెకానిక్‌కి ఆధారం మిగలదు. చాలా షెడ్లలో ముందు చేసే పని అదే, లైటు ఆర్పి పంపించేస్తారు.

హనుమకొండ_టీచర్
ఆదివారం, ఉదయం 7:15

మీ పోస్టు చదువుతుంటే పోయిన ఏడాది నా పరిస్థితే గుర్తొచ్చింది. నాది పెట్రోల్ బండి. స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగితే ముందు ఎడమ వైపు టక్ టక్ అని చప్పుడు. మొదట చూపించిన చోట స్టీరింగ్ ర్యాక్ మార్చాలన్నారు, 28,000. నేను పక్కనే నిలబడి ఉన్నా, మాటలన్నీ మా తమ్ముడితోనే. బండి నడిపేది నేను, చప్పుడు వినేది నేను. ఎప్పుడు వస్తుంది, తిప్పేటప్పుడా, గుంతలోనా అని నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. ర్యాక్ సంగతి తర్వాత, ఆ అడగకపోవడమే నాకు నచ్చలేదు.

మా స్కూల్ బస్సు డ్రైవర్ చెప్తే ఇంకో షెడ్డుకి వెళ్లాను. రేకుల షెడ్డు, ఇద్దరు కుర్రాళ్లు, ఒక పెద్ద మెకానిక్. ఆయన ముందు నన్ను నడపమని పక్క సీట్లో కూర్చుని రెండు వీధులు తిరిగాడు. షెడ్డుకి వచ్చాక చక్రాలు నేల మీదే ఉంచి, కుర్రాణ్ని బండిని ఊపమన్నాడు. తాను టైరు వెనక చెయ్యి పెట్టి లింక్ రాడ్ (సస్పెన్షన్‌లో ఉండే చిన్న కడ్డీ) పట్టుకున్నాడు. తర్వాత నన్ను పిలిచి, ‘మేడమ్, మీరే పట్టుకుని చూడండి’ అన్నాడు. పట్టుకున్నాను. బండి ఊగిన ప్రతిసారీ ఆ బాల్ జాయింట్ దగ్గర వేలికి టక్‌మని తగిలింది. నేను విన్న చప్పుడే నా చేతిలోకి వచ్చింది. రెండు వైపులా లింక్ రాడ్లు మార్చి లేబర్‌తో కలిపి 1,800 తీసుకున్నాడు, పాతవి కవర్‌లో వేసి ఇచ్చాడు. ఆరోజు నుంచి ఆ బండి ఇంకో షెడ్డుకి వెళ్లలేదు.

కాబట్టి నన్నడిగితే నమ్మకమైన మెకానిక్ అంటే తప్పెక్కడుందో మనకి చూపించి ఆ తర్వాత పానా పట్టేవాడు.

డిపో_పెద్దాయన
ఆదివారం, ఉదయం 11:20

ఉప్పల్ తమ్ముడూ, నేను ఆర్టీసీ డిపోలో 31 ఏళ్లు మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. విజయవాడలో ఉంటాను. నువ్వు రాసిన లక్షణాలన్నీ చూస్తే ఇంజిన్‌కి గాలి సరిపోవడం లేదనిపిస్తోంది. అలా అని టర్బో పోయిందని అర్థం కాదు.

సైకిల్ సంగతి తీసుకో. ట్యూబుకి గాలి కొడుతున్నావు, ఎంత కొట్టినా టైరు గట్టిపడటం లేదు. పంపు పాడై ఉండొచ్చు. పంపు నుంచి వచ్చే గొట్టం చిరిగి ఉండొచ్చు. వాల్వు దగ్గర పిన్ను సరిగ్గా కూర్చోకపోయి ఉండొచ్చు. ట్యూబుకే చిల్లు ఉండొచ్చు. సైకిల్ షాపతను ముందు ట్యూబుని నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు చూస్తాడు గానీ వెళ్లి కొత్త పంపు కొనుక్కురాడు కదా. టర్బో అంటే ఆ పంపు. అది నొక్కిన గాలి లావు రబ్బరు పైపుల్లోంచి ఆ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్‌కి, అక్కణ్నించి ఇంజిన్‌కి వెళ్తుంది. ఆ దారిలో ఎక్కడ కారినా, కంప్యూటర్‌కి అందేది ఒకటే కబురు, ‘అడిగినంత గాలి రావడం లేదు’ అని. కంప్యూటర్ ఇంజిన్‌ని కాపాడటానికి బలం తగ్గించేస్తుంది. నీ బండి 60 దాటకపోవడం అదే.

పొగ ఏ రంగులో వస్తోంది? వెనకొచ్చేవాళ్లని అడిగి చూడు. నలుపైతే గాలి తక్కువ, డీజిల్ ఎక్కువ. నీలంగా ఉండి ఇంజిన్ ఆయిల్ కూడా తగ్గుతూ ఉంటే అప్పుడు టర్బో మీద అనుమానపడాలి.

టర్బో బాగుందో లేదో తెలుసుకోవడం పెద్ద విద్యేమీ కాదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక గాలి లోపలికి వెళ్లే పైపు విప్పి, లోపల ఫ్యాన్ లాంటి చక్రాన్ని వేలితో తిప్పాలి. సాఫీగా తిరగాలి. దాని ఇరుసుని ముందుకి వెనక్కి లాగితే ఆట ఉండకూడదు. పక్కలకి కొంచెం ఉండొచ్చు, కానీ రెక్కలు గోడకి రాసుకున్న గీతలు ఉండకూడదు. సర్వీస్ సెంటర్ వాళ్లు ఇలా విప్పి చూపించారా?

ఉప్పల్_బండి
ఆదివారం, మధ్యాహ్నం 1:02

పెద్దాయనా, చాలా థాంక్స్. విప్పలేదండీ. ఒక పైపు కొంచెం వదులు చేసి లోపల ఆయిల్ మరక చూపించి, ‘చూశారా, టర్బో ఆయిల్ కక్కుతోంది’ అన్నారు. ఇంజిన్ ఆయిల్ మాత్రం తగ్గడం లేదు, నిన్ననే డిప్‌స్టిక్ చూశాను. పొగ నల్లగానే వస్తోందని మా బావమరిది చెప్పాడు.

డిపో_పెద్దాయన
ఆదివారం, మధ్యాహ్నం 1:30

ఆ పైపుల్లో పల్చగా ఆయిల్ చెమ్మ ఉండటం మామూలే. ఇంజిన్ లోపలి ఆవిరి మళ్లీ గాలి దారిలోకే పోతుంది, దాంతోపాటు కాస్త ఆయిల్ కూడా. గిన్నెలో పోసినట్టు నిలబడి ఉంటే వేరే సంగతి. 92,000 తిరిగిన ఏ డీజిల్ బండి పైపు విప్పినా వేలికి నూనె అంటుతుంది.

గాజువాక_షెడ్డు
ఆదివారం, సాయంత్రం 6:48

నేను మెకానిక్‌ని, విశాఖలో చిన్న షెడ్డు ఉంది. మా వైపు మాట కూడా ఒకటి చెప్పాలి. ఇక్కడ ఎవరినీ తప్పు పట్టడానికి కాదు, ఎందుకిలా జరుగుతుందో తెలిస్తే మీకే ఉపయోగం.

బండి రాగానే కస్టమర్ అడిగే మొదటి మాట ‘ఎంతవుతుంది?’ అని. ఇంకా చూడలేదండీ అంటే, పక్క షెడ్డు వాడు చూడకుండానే చెప్పాడు అంటారు. ఒక కరెంటు సమస్య కోసం నేను మూడు గంటలు వైర్లు పట్టుకుని వెతుకుతాను. చివరికి బ్యాటరీ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైరు దగ్గర తుప్పు దొరుకుతుంది. గీకి, బోల్టు బిగిస్తే అయిపోతుంది. 600 అడిగితే, ‘బోల్టు బిగించినందుకు 600 ఏంటి?’ అంటారు. అదే నేను 9,000 పెట్టి ఆల్టర్నేటర్ మార్చి లేబర్ 1,000 వేస్తే మారు మాట్లాడకుండా ఇస్తారు. వెతికినందుకు డబ్బు రాదు, మార్చినందుకు వస్తుంది. దానికి తోడు స్పేర్ల షాపులో మాకు కొంత మిగులుతుంది. అలా కొన్నేళ్లు గడిచేసరికి చాలామందికి వెతకడం అలవాటు పోయింది, మార్చడమే మిగిలింది. మంచి స్కానర్‌కి లక్ష దాకా పెట్టాలి, పైగా ఏటా అప్‌డేట్ ఖర్చు.

మీరు ఏ షెడ్డుకి వెళ్లినా ముందే ఈ మాట అనండి: ‘అన్నా, చెక్ చేసి జబ్బేంటో చెప్పినందుకు విడిగా ఇంత ఇస్తాను. రిపేరు నీ దగ్గరే చేయిస్తానో లేదో తర్వాత మాట్లాడుకుందాం.’ వెతికే అలవాటున్నవాడైతే ఆ మాటకి ముఖం వెలిగిపోతుంది. ‘అవసరం లేదు సార్, చూడగానే చెప్పేస్తా’ అంటే అక్కడ ఆలోచించండి.

డాలస్_తెలుగు
ఆదివారం, రాత్రి 11:10

గాజువాక అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. ఇక్కడ డాలస్‌లో నేను వెళ్లే షాపులో డయాగ్నసిస్‌కి 150 డాలర్లు ముందే రాయించుకుంటారు. వచ్చిన కొత్తలో నాకు దోపిడీలా అనిపించింది. తర్వాత అర్థమైంది, ఆ గంట అతను నా బండి మీదే ఉంటాడు, చివర్లో ఏం కొలిచాడో కాగితం మీద రాసి ఇస్తాడు. ఆ కాగితం పట్టుకుని నేను ఎక్కడికైనా వెళ్లొచ్చు. మెకానిక్‌లకి ఏఎస్ఈ అనే పరీక్షలు ఉంటాయి, బ్రేకులకి ఒకటి, ఇంజిన్ పనితీరుకి ఒకటి, అలా విడివిడిగా. పాసైనవాళ్లు సర్టిఫికెట్ గోడకి తగిలిస్తారు. అలాగని ఇక్కడ మోసాలు లేవని కాదు. సరిగ్గా ఉన్న బ్రేక్ ప్యాడ్లు అరిగిపోయాయని నాకూ ఒకచోట చెప్పారు. మందం ఎంతుందో కొలిచి చూపించమంటే మాట మార్చారు.

కంపెనీ_సర్వీసే_మేలు
సోమవారం, ఉదయం 9:25

అందరూ షెడ్డు మంచిది, కంపెనీ సర్వీస్ చెడ్డది అన్నట్టు రాస్తున్నారు. నేను ఒప్పుకోను. పదేళ్లుగా కంపెనీ సర్వీస్ సెంటర్లోనే చేయిస్తున్నాను, ప్రతి పనికీ రికార్డు ఉంది. బండి అమ్మినప్పుడు దానికి విలువ వచ్చింది. షెడ్డులో డూప్లికేట్ స్పేర్ వేస్తే ఎవర్ని అడుగుతాం? ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, తాళం ప్రోగ్రామింగ్ లాంటివి రేకుల షెడ్డులో చేయిస్తారా? 2020 తర్వాతి బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) డీజిల్ బండ్లలో డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, దాన్ని సరైన మెషీన్ లేకుండా కెలికితే పెద్ద ఖర్చు.

గాజువాక_షెడ్డు
సోమవారం, ఉదయం 10:02

మీరన్న ఎయిర్‌బ్యాగ్, డీపీఎఫ్ విషయం ఒప్పుకుంటానండి. నా దగ్గర సాధనం లేని పని వస్తే నేనే కంపెనీకి పంపిస్తాను. వారంటీ ఉన్నంతకాలం కూడా అక్కడికే వెళ్లాలి. కానీ కంపెనీ సెంటర్లో మీతో మాట్లాడే అడ్వైజర్ వేరు, పానా పట్టే మనిషి వేరు. మధ్యలో మీరు చెప్పిన లక్షణం జాబ్ కార్డులో మూడు మాటలకి కుదించుకుపోతుంది. ‘ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, గట్టిగా తొక్కితేనే, ఆపి స్టార్ట్ చేస్తే పోతుంది’ అని చెప్తే, కార్డులో ‘పికప్ ప్రాబ్లమ్’ అని పడుతుంది. అందుకే జాబ్ కార్డు రాసేటప్పుడు మీ మాటలు మీరు చెప్పినట్టే రాయించండి. టెస్ట్ డ్రైవ్‌కి ఆ టెక్నీషియన్నే రమ్మనండి. అడిగితే వస్తారు.

నల్లకోటు
సోమవారం, మధ్యాహ్నం 2:40

వారంటీ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. బయట షెడ్డులో చేయించారు కాబట్టి మొత్తం వారంటీ పోయిందని కొందరు భయపెడతారు. కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో ఇచ్చిన ఉత్తర్వు ఒకటుంది. స్పేర్లు, డయాగ్నస్టిక్ పరికరాలు బయటి గ్యారేజీలకి దొరక్కుండా చేస్తున్నారని 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేయకూడదని, బయటివాడి తప్పు పని వల్ల పాడైనంత మేరకే కాదనవచ్చని కూడా అందులో ఉంది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి, జరిమానా లెక్కల మీద చాలాకాలం వాదనలు నడిచాయి. ఇక 2022 డిసెంబర్‌లో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ మొదలుపెట్టింది, అందులో వాహనాలు కూడా ఉన్నాయి.

చేతిలో కాగితం లేకుండా మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు. ఎస్టిమేట్ వాట్సాప్‌లోనైనా తీసుకోండి. ఏ భాగం మార్చారు, పార్ట్ నంబర్ ఏంటి, ఎన్ని నెలలు గ్యారెంటీ అన్నది బిల్లులో ఉండాలి. మోసపోయామనిపిస్తే ముందు 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు ఉండదు, లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. రెండేళ్ల లోపు వెళ్లాలి. కచ్చా చీటీ మీద 38,000 కట్టి వచ్చినవాళ్లని చూశాను. వాళ్ల తరఫున నేను చేయగలిగింది చాలా తక్కువ, అదే బాధ.

సింగ్‌నగర్_వాసి
సోమవారం, రాత్రి 8:55

విషయం కొంచెం పక్కది, కానీ నమ్మకమైన మెకానిక్ విలువ నాకు తెలిసింది అప్పుడే. 2024 సెప్టెంబర్ 1న విజయవాడలో బుడమేరు పొంగినప్పుడు మా వీధిలో కార్లన్నీ మునిగాయి. నా బండి సీట్ల దాకా నీళ్లలో ఉండిపోయింది. నీళ్లు తీశాక నేను ఎప్పుడూ చేయించే ఆటోనగర్ మెకానిక్‌కి ఫోన్ చేస్తే ఆయన అన్న మొదటి మాట, ‘సెల్ఫ్ కొట్టొద్దు బాబూ. తాళం కూడా పెట్టొద్దు. బ్యాటరీ వైరు తీసేసి అలాగే వదిలెయ్యి, నేను చెప్పేదాకా ముట్టుకోవద్దు.’ షెడ్డులో అప్పటికే జాగా లేదు, రోడ్డు మీద వరసగా బండ్లు. మా వంతు రావడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆయన రోజూ సాయంత్రం ఫోన్ చేసి ఎక్కడిదాకా వచ్చిందో చెప్పేవాడు.

మా పక్కింటాయన ఆగలేక ఒక్కసారి సెల్ఫ్ కొట్టాడు. సిలిండర్‌లోకి నీళ్లు చేరి ఉన్నాయి, నీళ్లు గాలిలా నొక్కుకుపోవు కదా, కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది. ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ ప్రొటెక్షన్ కవర్ కూడా లేదు. నా బండికి ఆయిళ్లన్నీ మార్చి, ఇంజెక్టర్లు విప్పి సిలిండర్లలో నీళ్లు తీసేసి, సీట్లు ఎండబెట్టి, వైరింగ్ కనెక్టర్లు ఒక్కొక్కటీ తుడిచి ఇచ్చారు. ఇప్పటికీ నడుస్తోంది.

ఉప్పల్_బండి
మంగళవారం, రాత్రి 9:15

కోడ్ తెలిసింది. ఫోన్ చేస్తే మొదట చెప్పలేదు, జాబ్ కార్డు కాపీ కావాలని అడిగితే పంపారు. పీ0299.

స్కానర్_కుర్రోడు
మంగళవారం, రాత్రి 9:22

పెద్దాయన చెప్పిందే అన్నా. ‘టర్బో ఒత్తిడి ఉండాల్సినదానికంటే తక్కువ’ అని దాని అర్థం. టర్బో పాడైందని కోడ్‌లో ఎక్కడా లేదు. పైపు చిరిగినా, క్లిప్పు వదులైనా, వ్యాక్యూమ్ గొట్టం పగిలినా, టర్బోని అదుపు చేసే యాక్చుయేటర్ పట్టేసినా, ఈజీఆర్ తెరుచుకుని ఇరుక్కున్నా, ఎయిర్ ఫిల్టర్ పూర్తిగా పూడుకుపోయినా ఇదే కోడ్ రావొచ్చు. వీటిలో ఎన్ని చూశారో వాళ్లని అడగండి.

నాగోలు_నుంచి
మంగళవారం, రాత్రి 10:40

ఉప్పల్ అన్నా, వనస్థలిపురం దాటాక ఆటోనగర్‌లో నేను చూపించే షెడ్డు ఒకటుంది. పేరు ఇక్కడ రాస్తే ప్రచారం అంటారు, మెసేజ్ చేస్తున్నా. నాలుగేళ్లుగా వెళ్తున్నాను. నన్ను రెండుసార్లు ‘ఇప్పుడేమీ అక్కర్లేదు, ఇంకో పదివేలు తిరగనివ్వండి’ అని వెనక్కి పంపించాడు. ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది అక్కడే. ఉదయం తొమ్మిదిన్నరకే వెళ్లండి, తర్వాత రద్దీ.

ఉప్పల్_బండి
శుక్రవారం, రాత్రి 10:30

ఈరోజు సెలవు పెట్టి వెళ్లాను. జరిగింది వివరంగా రాస్తాను, ఇలాంటి సమస్యతో ఇంకెవరైనా వెతుక్కుంటూ వస్తే పనికొస్తుంది.

గాజువాక అన్న చెప్పినట్టే, చెక్ చేసినందుకు విడిగా ఇస్తానని ముందే అన్నాను. ‘800 తీసుకుంటాను, రెండు గంటలు పడుతుంది, మీరు ఉంటారా?’ అన్నాడు. ఉంటానన్నాను. స్కానర్ తగిలించి, నన్ను నడపమని తాను పక్కన కూర్చున్నాడు. పెద్ద అంబర్‌పేట వైపు హైవే ఎక్కాం. మూడో గేరులో పూర్తిగా తొక్కమన్నాడు. స్క్రీన్ మీద రెండు అంకెలు పక్కపక్కనే కదులుతున్నాయి, ఒకటి కంప్యూటర్ అడుగుతున్న ఒత్తిడి, రెండోది నిజంగా వస్తున్నది. మొదటిది 210 దాకా వెళ్లింది. రెండోది 150 దగ్గర ఆగిపోయింది. వెంటనే లైటు పడింది, బండి బలం పోయింది. ‘కనపడిందా సార్?’ అన్నాడు. నెల రోజులుగా నేను భయపడుతున్నది ఆ రెండు అంకెల మధ్య ఉంది.

షెడ్డుకి వచ్చి గంటసేపు ఇంజిన్ చల్లారనిచ్చాడు. ముందు టర్బో పైపు విప్పి నా వేలితోనే ఆ చక్రాన్ని తిప్పించాడు. సాఫీగా తిరిగింది, ముందుకి వెనక్కి ఆట లేదు, గీతలు లేవు. ‘టర్బో బంగారంలా ఉంది’ అన్నాడు. తర్వాత బండిని ర్యాంపు ఎక్కించి కింది ప్లాస్టిక్ షీటు తీశాడు. టార్చి వేసి చూస్తే ఇంటర్‌కూలర్ కింది పైపు క్లిప్పు దగ్గర ఒకచోట దుమ్ము నల్లగా, నూనెతో తడిసి, విసనకర్రలా విచ్చుకుని ఉంది. మిగతా అంతా పొడి దుమ్మే. ‘గాలి ఇక్కణ్నించి తంతోంది’ అన్నాడు. పైకి చూస్తే పైపు బాగానే ఉంది. పైపు చివర్లు మూసి కంప్రెసర్ నుంచి కొద్దిగా గాలి పట్టి, సబ్బు నీళ్లు చల్లాడు. ఏమీ లేదు. గాలి కొంచెం పెంచి, పైపుని చేత్తో వంచాడు. క్లిప్పు కింద నుంచి బుడగలు నురగలా వచ్చాయి. విప్పితే క్లిప్పు అంచు వెంబడి అంగుళంన్నర చీలిక. మామూలుగా మూసుకునే ఉంటుంది, ఒత్తిడి పెరిగినప్పుడే నోరు తెరుస్తుంది. అందుకే మెల్లగా వెళ్లినంతసేపూ ఏమీ లేదు.

ఒరిజినల్ పైపు 2,350, రెండు కొత్త క్లిప్పులు 180, లేబర్ 1,200, చెక్ చేసినందుకు 800. మొత్తం 4,530, బిల్లుతో సహా. పాత పైపు డిక్కీలో పెట్టాడు. బిగించాక మళ్లీ అదే హైవే మీద అదే మూడో గేరులో తొక్కించాడు. రెండు అంకెలూ కలిసే పైకి వెళ్లాయి.

ఇంటికొచ్చి ఆ పైపుని నాన్నగారికి చూపించాను. చేత్తో వంచి ఆ చీలికలోకి చాలాసేపు చూశారు.

డిపో_పెద్దాయన
శనివారం, ఉదయం 6:50

చాలా సంతోషం తమ్ముడూ. మరమ్మతు అయ్యాక మళ్లీ అదే రోడ్డు మీద, అదే గేరులో కొలిచి చూపించాడు చూడు, అది పనిమంతుడి లక్షణం. మా డిపోలో కూడా బస్సు తిరిగి రోడ్డెక్కాక, డ్రైవర్ సరేనన్నాకే ఫిర్యాదు పుస్తకంలో ఆ లైను కొట్టేసేవాళ్లం.

కంపెనీ_సర్వీసే_మేలు
శనివారం, ఉదయం 9:10

మంచి మాట. నేనూ ఒకటి నేర్చుకున్నాను. వచ్చే సర్వీసుకి నా బండిలో కనపడిన లక్షణం కార్డులో పూర్తిగా రాయిస్తాను, టెస్ట్ డ్రైవ్‌కి టెక్నీషియన్‌ని రమ్మంటాను.

హనుమకొండ_టీచర్
శనివారం, ఉదయం 10:25

నాన్నగారి ఆరోగ్యం జాగ్రత్తండి. సర్వీస్ సెంటర్‌కి ఈ పైపు ఫొటో, బిల్లు పంపించారా? కోపంతో కాదు, వాళ్లకి తెలియాలి కదా. రేపు ఇదే కోడ్‌తో ఇంకొకరు వెళ్తారు.

ఉప్పల్_బండి
శనివారం, ఉదయం 11:40

పంపానండి, మెయిల్‌లో. మేనేజర్ ఫోన్ చేసి మాట్లాడారు, ఎస్టిమేట్ ఇచ్చే ముందు పైపుల లీకేజీ చూడాల్సిందని ఒప్పుకున్నారు. ఇంటి దగ్గరి షెడ్డు అతనికి కూడా వెళ్లి చూపించాను. ఈజీఆర్‌కి తీసుకున్నదాంట్లో 2,000 వెనక్కి ఇచ్చాడు, నేను అడగలేదు.

కీసర_రోడ్డు
20 రోజుల తర్వాత, రాత్రి 8:20

ఉప్పల్ అన్నా, నాదీ ఇదే ఇంజిన్, 1,10,000 తిరిగింది. ఇప్పుడెలా ఉంది మీ బండి? లైటు మళ్లీ పడిందా? ఆ పైపు మళ్లీ ఎప్పుడు చూపించుకోమన్నారు?

ఉప్పల్_బండి
20 రోజుల తర్వాత, రాత్రి 9:05

పడలేదు అన్నా. మొన్న ఆదివారం నలుగురం ఏసీ వేసుకుని యాదగిరిగుట్ట వెళ్లాం. గుట్ట ఎక్కేటప్పుడు కావాలనే గట్టిగా తొక్కాను, ఎక్కడా తగ్గలేదు. డయాలసిస్‌కి కూడా అదే బండిలో వెళ్తున్నాం.

ప్రతి 10,000కి ఆయిల్ మార్చేటప్పుడు కింది షీటు తీయించి ఆ క్లిప్పు చుట్టూ వేలు పెట్టి చూడమన్నాడు. పొడిగా ఉంటే పర్వాలేదు, తడి తగిలితే రమ్మన్నాడు. మీది లక్షా పదివేలు తిరిగింది కాబట్టి ఈసారి సర్వీసుకే చూపించండి, ఆయన నంబర్ మెసేజ్‌లో పంపాను.